‘ద వెజిటేరియన్’లో స్వేచ్ఛ గురించి రాయాలంటే: చెల్లి కంటే ముందు అక్కను చదవండి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో పెట్టుకుంటాను. కొరియన్ రచయిత్రి హాన్ కాంగ్ నవల ‘ద వెజిటేరియన్’ మీద ఎం.ఏ. డిసర్టేషన్ రాస్తున్నారు. నాయిక యోంగ్‌హేకి ఫ్రామ్, బ్రెమ్, ఫ్రాంకల్, డెసీ–రయాన్లు (జంటను ఒకరిగా లెక్కేస్తే నలుగురు) అనే మనస్తత్వ శాస్త్రవేత్తల సిద్ధాంతాలు అన్వయించి, ఆమె చివరికి స్వేచ్ఛ పొందిందా, లేక మతి తప్పిందా అనేది తేల్చాలనుకుంటున్నారు. మీ గైడేమో నలుగురెందుకు, ఫ్రాంకల్ ఒక్కడు చాలంటున్నారు.

నేను డిగ్రీ కాలేజీలో ఇరవై రెండేళ్ళు సైకాలజీ చెప్పాను. ఇప్పుడు కౌన్సెలింగ్ చేస్తున్నాను. ఈ నవలను డెబొరా స్మిత్ ఇంగ్లీషు అనువాదంలో మూడుసార్లు చదివాను. మొదటిసారి నాదీ మీ ప్రశ్నే. మూడోసారికి ఆ ప్రశ్న మీద నమ్మకం పోయింది. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

చదవనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. సియోల్‌లో ఒక మామూలు గృహిణి ఓ రాత్రి కల కని లేచి, ఫ్రిజ్‌లో ఉన్న మాంసమంతా తీసి పారేస్తుంది. ఆ రోజు నుంచి ముట్టదు. భర్త, తల్లిదండ్రులు, తోబుట్టువులు అందరూ ఆమెను దారికి తేవాలని చూస్తారు. కథ మూడు భాగాలు. మొదటిది భర్త చెప్తాడు. రెండోది అక్క భర్త వైపు నుంచి నడుస్తుంది, అతనో వీడియో ఆర్టిస్టు. మూడోది అక్క ఇన్‌హే వైపు నుంచి. అప్పటికి యోంగ్‌హే మానసిక చికిత్సాలయంలో ఉంటుంది, చెట్టుగా మారిపోతున్నానని నమ్ముతూ తిండి పూర్తిగా మానేస్తుంది. ఈ మూడు భాగాలూ ముందు విడివిడిగా పత్రికల్లో వచ్చి, 2007లో పుస్తకమయ్యాయి. 2016లో ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది, 2024లో రచయిత్రికి నోబెల్ వచ్చింది.

సిద్ధాంతాల దగ్గరికి వెళ్ళేముందు ఒక హెచ్చరిక. మన దగ్గర ఈ పుస్తకం తలకిందులుగా అర్థమయ్యే ప్రమాదం ఉంది. మా కాలనీలో నెలకోసారి పదిమందిమి కూర్చుని పుస్తకాలు చదువుకుంటాం. ఈ నవల చర్చకు వచ్చినప్పుడు అరవై దాటిన ఒకావిడ అడిగింది: "మాంసం మానేస్తే మంచిదేగా, ఇంత రాద్ధాంతం ఎందుకండీ?" అందరం నవ్వాం కానీ అది అసలైన ప్రశ్న. మనకు శాకాహారం అంటే కులం, మడి, కార్తీకమాసం, పెద్దల మెప్పు. ఇక్కడ ఒక కోడలు మాంసం మానేస్తే "భక్తి పెరిగింది" అంటారు. హాస్టల్లో దొంగచాటుగా ఆమ్లెట్ తిన్న అమ్మాయిది మన దగ్గర తిరుగుబాటు. యోంగ్‌హే ఉన్న చోట అంతా మాంసం తింటారు. భర్త ఆఫీసు పెద్దలతో డిన్నరుకు వెళ్ళినప్పుడు అందరూ తినేది ఆమె తినకపోవడమే అపచారం. కాబట్టి "శాకాహారి" అన్న మాటకు మన మనసులో ఉన్న సాత్వికపు రంగును ముందు కడిగేయండి. ఆ కొరియన్ ఇంట్లో అది "మీరు పెట్టింది నేను తినను" అని చెప్పడం, అంతే.

ఇప్పుడు మీ నలుగురి సంగతి. బ్రెమ్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే త్వరగా తేలిపోతుంది. జాక్ బ్రెమ్ 1966లో చెప్పిన రియాక్టెన్స్ మన "వద్దన్న పనే ముద్దు" లాంటిది. ఉన్న స్వేచ్ఛను ఎవరైనా లాక్కోబోతే అది ఇంకా విలువైనదిగా కనిపిస్తుంది, దాన్ని తిరిగి దక్కించుకోవాలనే ఊపు వస్తుంది. ఒత్తిడి పోతే ఊపూ తగ్గుతుంది. యోంగ్‌హే విషయంలో వరస చూడండి. బలవంతం రాకముందే ఆమె మానేసింది. ఆస్పత్రిలో మాంసం తినమని ఎవరూ గొడవ చేయకపోయినా, అక్క పళ్ళు కోసి తెచ్చినా, అదీ వద్దంటుంది. ఒత్తిడి తగ్గేకొద్దీ నిరాకరణ పెరిగింది. బ్రెమ్ చెప్పినదానికి ఇది సరిగ్గా ఎదురు. ఒక పేరాలో చెప్పి వదిలేయండి. సరిపోని సిద్ధాంతం ఎందుకు సరిపోలేదో చెప్పడం కూడా డిసర్టేషన్‌లో పనే.

ఎరిక్ ఫ్రామ్ ఇంకాస్త దూరం వస్తాడు. నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరిన ఆయన 1941లో ‘ఎస్కేప్ ఫ్రమ్ ఫ్రీడమ్’ రాశాడు. బంధాల నుంచి విడుదల ఒకటి, ఆ విడుదలతో ఏదైనా చేయగలగడం మరొకటి అన్నాడు. మొదటిది వచ్చి రెండోది రాకపోతే మనిషి ఒంటరితనం భరించలేక పారిపోతాడు. అధికారానికి లొంగుతాడు, లేదా ధ్వంసం చేస్తాడు, లేదా అందరిలాగే అయిపోతాడు. చాలామంది ఈ మూడింట్లో యోంగ్‌హేని ఎక్కడ పెట్టాలా అని వెతుకుతారు. నన్నడిగితే ఆ గడులు ఆమె చుట్టూ ఉన్న మగవాళ్ళవి. ఆమెలో ఏ ప్రత్యేకతా లేదు కాబట్టే పెళ్ళి చేసుకున్నానని భర్త మొదట్లోనే చెప్తాడు. తను కూడా అన్నిట్లో మధ్యరకం ఎంచుకుని బతికేవాడు. అందరిలాగే అయిపోవడం అంటే ఏమిటో చూపించడానికి ఇంతకన్నా మంచి పాత్ర దొరకదు. తండ్రి వియత్నాం యుద్ధంలో పోరాడి పతకం తెచ్చుకున్నవాడు, ఆ కథే ఎప్పుడూ చెప్పుకుంటాడు. పైవాళ్ళకు సెల్యూట్, కింది వాళ్ళకు బెత్తం. కూతురికి పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా పిక్కల మీద కొట్టాడు.

యోంగ్‌హే దగ్గరికి వస్తే ఫ్రామ్ చెప్పిన ఇంకో మాట పనికొస్తుంది. మనిషి ఒకసారి ప్రకృతి నుంచి, తల్లి నుంచి విడిపడి ‘నేను’ అయ్యాక ఆ పాత ముడిలోకి తిరిగి పోలేడంటాడు. చెట్టు కావాలనుకోవడం అచ్చంగా ఆ తిరుగు ప్రయాణమే. చేతులు నేలలో పాతుకుని వేర్లవుతున్నాయని తలకిందులుగా నిలబడే ఆ మనిషిని ఫ్రామ్ స్వేచ్ఛాజీవి అనడు, స్వేచ్ఛ బరువు నుంచి పారిపోతోంది అంటాడు. నాకు అది సగమే నిజం అనిపిస్తుంది. ఆమెకు పారిపోవడానికి స్వేచ్ఛ ఎప్పుడు దొరికిందని?

ఆ సగాన్ని నేను సెలిగ్మన్, మేయర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలతో పూరిస్తాను. వీళ్ళు మీ జాబితాలో లేరు, చేర్చండి. 1967 నాటి ప్రయోగాల్లో, తప్పించుకోలేని షాకులు తిన్న కుక్కలు తర్వాత తప్పించుకునే దారి ఉన్నా కదల్లేదు. దాన్ని ‘నేర్చుకున్న నిస్సహాయత’ అన్నారు. ఇది అందరికీ తెలుసు. తక్కువమందికి తెలిసింది ఏమిటంటే, 2016లో వాళ్ళిద్దరే దాన్ని తిరగరాశారు. దెబ్బ మీద దెబ్బ పడినప్పుడు ఊరకుండిపోవడం నేర్చుకుంటే వచ్చేది కాదు, అది మెదడుకు పుట్టుకతో ఉన్న స్పందన. నేర్చుకోవాల్సింది "నా చేతిలో ఏదో ఉంది" అన్న సంగతి అని తేల్చారు. దీన్ని పట్టుకుని నవలలో కుక్క ఉన్న పేజీ తెరవండి. చిన్నప్పుడు యోంగ్‌హేని కరిచిన కుక్కను తండ్రి మోటారుసైకిలుకి కట్టి, చచ్చేదాకా ఈడ్చుకెళ్తాడు. సాయంత్రం దాన్ని వండి విందు చేస్తారు. ఆ పిల్ల చూస్తుంది, తింటుంది కూడా. కరిచిన కుక్క మాంసం తింటే గాయం మానుతుందని ఒక నమ్మకం. ఆ పిల్ల చేతిలో ఏముంది అప్పుడు? పద్దెనిమిదేళ్ళదాకా ఏముంది? పెళ్ళయ్యాక తాగి వచ్చిన భర్త బలవంతం చేసే రాత్రుల్లో ఏముంది? తనది అని చెప్పుకోవడానికి మిగిలింది ఒక్క నోరు. తెరవడం, మూయడం.

అందుకే ఈ నవలకు సరిపోయే పనిముట్టు నాకు ఒక అనుకోని చోట దొరికింది, మీ నాలుగో సిద్ధాంతం లోపల.

డెసీ, రయాన్ల సెల్ఫ్ డిటర్మినేషన్ థియరీ 1980ల నుంచి పెరుగుతూ వచ్చింది. మనిషికి మూడు మానసిక అవసరాలు అంటుంది: చేస్తున్న పని నాదే అనిపించడం, నేను చేయగలను అనిపించడం, నాకు మనుషులున్నారు అనిపించడం. మొదటిదాన్ని వాళ్ళు అటానమీ అంటారు. మన విద్యార్థులు ఇక్కడే జారిపడతారు. అటానమీ అనగానే ఒంటరిగా, ఎవరి మాటా వినకుండా బతకడం అనుకుంటారు. ఆ సిద్ధాంతంలో అది కాదు. అమ్మ చెప్పిన పనే మనస్ఫూర్తిగా చేస్తే అది అటానమీయే. ఇది అమెరికన్ల సొంత గోల అనే వాళ్ళకు జవాబుగా 2003లో చిర్కోవ్, రయాన్, మరో ఇద్దరు ఒక అధ్యయనం అచ్చేశారు. దక్షిణ కొరియా, రష్యా, టర్కీ, అమెరికా విద్యార్థులను తీసుకుని, అటానమీ వేరు, వ్యక్తివాదం వేరు అని చూపించారు. మీ నవల కొరియాది. ఈ పేపరు తప్పకుండా చదవండి. "తూర్పు దేశాలకు ఈ సిద్ధాంతం చెల్లదు" అని వైవాలో ఎవరో ఒకరు అంటారు, అప్పుడు చేతిలో ఉండాలి.

బయటి మాట మన లోపలికి ఎలా చేరుతుందో కూడా ఈ సిద్ధాంతం మెట్లుమెట్లుగా చెప్తుంది. శిక్షకు భయపడి చేయడం ఒక మెట్టు. చేయకపోతే నేను చెడ్డదాన్నవుతానని లోపల తిట్టుకుంటూ చేయడం ఇంకో మెట్టు, దీని పేరు ఇంట్రొజెక్షన్. విలువ తెలిసి చేయడం ఆ పైది. ఇంట్రొజెక్షన్‌ను గెస్టాల్ట్ అనే మానసిక చికిత్స పద్ధతి వాడైన ఫ్రిట్జ్ పెర్ల్స్ తిండితో వివరించాడు: నమలకుండా మింగడం. నమిలితే అన్నం మనలో కలుస్తుంది. నమలకుండా మింగింది కడుపులో రాయిలా అలాగే ఉండిపోతుంది, మనది కాదు, బయటికీ రాదు. మనకు "మింగలేక కక్కలేక" అని మాట ఉండనే ఉంది.

ఇది పట్టుకుని మొదటి భాగంలో విందు దృశ్యానికి రండి. ఇన్‌హే కొత్త ఇంట్లో కుటుంబమంతా కూడింది. తండ్రి తినమంటాడు, ఆమె తినను అంటుంది. అల్లుణ్ణి, కొడుకుని చెరో చెయ్యీ పట్టుకోమని పంది మాంసం ముక్క ఆమె పెదాలకు అదుముతాడు. చెంపమీద కొడతాడు. నోరు తెరుచుకోగానే కుక్కుతాడు. ఆమె ఉమ్మేసి, పళ్ళ కత్తి అందుకుని తన మణికట్టు కోసుకుంటుంది. సిద్ధాంతంలో ఉపమానంగా ఉన్నది ఇక్కడ అక్షరాలా జరుగుతోంది. తర్వాత ఆస్పత్రిలో తల్లి ఇంకో దారి తొక్కుతుంది, నల్లమేక కషాయాన్ని మూలికల మందు అని చెప్పి తాగించబోతుంది. యోంగ్‌హే రుచి చూసి వెళ్ళి కక్కేస్తుంది. తండ్రిది దెబ్బ, తల్లిది ప్రేమ. గొంతు వరకు వచ్చేసరికి రెండూ ఒకటే.

మరి ఆమెది అటానమీయేనా? కాదనే అంటాను. ఎందుకు మానేశావంటే ప్రతిసారీ ఒకటే జవాబు, కల వచ్చింది అని. ఆ కలలో రక్తం, ముఖాలు ఆమెను తరుముతున్నాయి. నేను ఎంచుకున్నాను అని ఎక్కడా అనదు. బయటి పెత్తనం పోయి లోపలి పెత్తనం వచ్చింది. అలాగని "మతి తప్పింది" అని కొట్టేయడానికీ లేదు. కక్కడం శరీరానికి జబ్బు లక్షణం కావచ్చు, విషం బయటికి పంపే పనీ కావచ్చు. రెండూ ఒకేసారి కావచ్చు. లైంగ్, ఎస్టర్‌సన్ అనే ఇద్దరు సైకియాట్రిస్టులు 1964లో పదకొండు కుటుంబాలను దగ్గర నుంచి చూసి, ‘పిచ్చి’ అని ముద్రపడిన ఆడవాళ్ళ ప్రవర్తన ఆ ఇంటి సందర్భంలో పెడితే అర్థవంతంగా కనిపిస్తుందన్నారు. దాన్ని వాడండి, కానీ జాగ్రత్త. పిచ్చే స్వేచ్ఛ అని పొగిడే వ్యాసాలు ఈ నవల మీద కుప్పలుగా ఉన్నాయి. ఆకలితో ముప్ఫై కిలోలకు దిగజారిన మనిషిని దగ్గర కూర్చుని చూసినవాళ్ళెవరూ అలా రాయరు. నేను చూశాను.

రెండో భాగం గురించి పొట్టిగానే చెప్తాను. బావ ఆమె ఒంటి మీద పూలు వేసి వీడియో తీస్తాడు, ఆ పూలు ఉన్నంతసేపు ఆమెకు ఊరట. ఇదే ఆమె విముక్తి అని రాయాలనిపిస్తుంది. కెమెరా ఎవరి చేతిలో ఉందో, ఆమె అప్పటి మానసిక స్థితి ఏమిటో గుర్తుంచుకుంటే ఆ వాక్యం కలం దాటదు.

ఇప్పుడు మీరు అసలు లెక్కలోకి తీసుకోని మనిషి. ఇన్‌హే. కొరియన్ ఇళ్ళలో తోబుట్టువుల పేర్లలో ఒక అక్షరం కలవడం మామూలు. ఇక్కడ ‘హే’ ఇద్దరిదీ. రచయిత్రి ఆ సగం పేరును ఊరికే పంచలేదనుకుంటాను. ఇన్‌హే పంతొమ్మిదేళ్ళకే ఇల్లు వదిలి సియోల్‌లో తన కాళ్ళ మీద నిలబడింది, సౌందర్య సాధనాల షాపు నడుపుతోంది, కొడుకును పెంచుతోంది, భర్త కళను పోషించింది. చెల్లి వైద్యం ఖర్చూ తనదే. మన భాషలో "బంగారం లాంటి పిల్ల". మూడో భాగంలో ఆమె ఒక సంగతి గ్రహిస్తుంది: తాగొచ్చిన తండ్రికి పొద్దున్నే చారు కాచి పెట్టే మంచి కూతురుగా తను ఉండబట్టే దెబ్బలు తన మీద పడలేదు, అవి చెల్లి మీద పడ్డాయి. మంచితనం అనుకున్నది బతకడానికి వేసిన ఎత్తు. ఇన్నాళ్ళూ తను జీవించనే లేదు, భరించింది.

ఆమెది తు.చ. తప్పని ఇంట్రొజెక్షన్. అంతా నమలకుండా మింగింది. తెలుగులో ఆడవాళ్ళను మెచ్చుకునేటప్పుడు ఒక మాట వాడతాం, "అన్నీ దిగమింగుకుని సంసారం ఈడ్చుకొచ్చింది" అని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో యోంగ్‌హేలు అరుదు. ఇన్‌హేలు వారానికి ముగ్గురు నలుగురు. యాభై దాటినవాళ్ళు, నిద్ర పట్టడం లేదని, గుండె దడ అని వస్తారు. అన్ని టెస్టులూ నార్మల్. "మీకు ఏం ఇష్టం?" అని అడిగితే పిల్లలకు ఏం ఇష్టమో చెప్తారు. రెండోసారి అడిగితే ఏడుస్తారు.

మీ గైడు చెప్పిన ఫ్రాంకల్ ఇక్కడ పనికొస్తాడు, యోంగ్‌హే దగ్గర కాదు. నాజీ క్యాంపుల నుంచి బయటపడి ఆయన చెప్పింది, అన్నీ లాక్కున్నా పరిస్థితిని ఎలా తీసుకోవాలో ఎంచుకునే స్వేచ్ఛ మిగులుతుందని. ఆ స్వేచ్ఛకు ఒక అర్థం కావాలి, ఎదురుచూసే మనిషో చేయాల్సిన పనో ఉండాలి. యోంగ్‌హే మనిషిగా ఉండటం నుంచే తప్పుకుంటోంది. చచ్చిపోతే ఏమైంది అని అక్కను నిజంగానే అడుగుతుంది. ఆమెను ఫ్రాంకల్‌తో కొలిస్తే ఓడిపోయింది అని తప్ప ఏమీ రాదు. ఇన్‌హే మాత్రం ఒక తెల్లవారుజామున కొడుకును ఇంట్లో వదిలి కొండెక్కుతుంది, బతకాలని లేక. చెట్లు ఆమెను తీసుకోవు. దిగి వస్తుంది. పిల్లవాడి కోసం బతకడం అర్థమా, మింగిన ఇంకో రాయా? నాకు ఇప్పటికీ తేలలేదు. మీ గైడుతో వాదించడానికి ఇదే మంచి చోటు.

నవల బయట నుంచి కూడా ఒక ముక్క తెచ్చుకోండి. ఈ కథలు పత్రికల్లో వస్తున్న కాలంలో కొరియాలో ‘హోజు’ పద్ధతి ఉంది, అంటే ప్రతి కుటుంబ రిజిస్టరుకీ చట్టప్రకారం ఒక ఇంటి పెద్ద, మామూలుగా మగవాడు. 2005లో వాళ్ళ రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదంది, 2008 జనవరి నుంచి రద్దయింది. కుటుంబ సంరక్షకుల సమ్మతి, ఒక సైకియాట్రిస్టు నిర్ణయం ఉంటే మనిషిని ఇష్టం లేకుండా ఆస్పత్రిలో పెట్టగలిగే నిబంధన ఉండేది. దాన్నీ అదే న్యాయస్థానం 2016 సెప్టెంబరులో తప్పుపట్టింది. స్వేచ్ఛను మనసులో మాత్రమే వెతికితే ఇవి కనిపించవు. చెల్లిని ఆస్పత్రిలో ఉంచింది అక్కే కదా, ఆ భారం ఇద్దరి మధ్య సంభాషణల్లో ఎలా నలుగుతుందో చూడండి.

చలం రాజేశ్వరితో పోల్చవచ్చా అని చివర్లో అడిగారు. పోల్చండి, కానీ ఆశయాలను కాదు, గొంతులను. 1927 నాటి ‘మైదానం’లో రాజేశ్వరి తన కథ తనే చెప్పుకుంటుంది. లోకం ఏమన్నా ‘నేను’ అనే మాట ఆమె చేతిలో ఉంది. ఎనభై ఏళ్ళ తర్వాత వచ్చిన ఈ నవలలో యోంగ్‌హేకి మొదటి భాగంలో అక్కడక్కడా వచ్చే కలల ముక్కలు తప్ప సొంత గొంతు లేదు. ముగ్గురు చెప్తే మనం వింటాం. ఆమె లోపల ఏం జరిగిందో మనకు తెలియనప్పుడు "ఆమె స్వేచ్ఛ పొందింది" అని ఏ ఆధారంతో రాస్తారు? మీ ప్రశ్న మీద నాకు నమ్మకం పోయింది ఇందుకే.

కాబట్టి నా సలహా. నలుగురిని తగ్గించి డెసీ–రయాన్లను పెట్టుకోండి, వాళ్ళ వెనక పెర్ల్స్‌ను. ఇద్దరు అక్కచెల్లెళ్ళనూ పక్కపక్కన పెట్టండి, ఒకరు మింగింది, ఒకరు కక్కింది. ఫ్రామ్‌ను మగపాత్రలకు వాడండి. పెన్సిలు పట్టుకుని మూడో భాగం ముందు చదివి, ఎవరు ఎవరికి ఏం తినిపించబోయారో ప్రతిచోటా గీత పెట్టండి. చివర్లో ముక్కులోంచి ట్యూబు వేసి బలవంతంగా గంజి ఎక్కించే దృశ్యం వస్తుంది. రక్తం వస్తుంటే ఆపమని అరుస్తూ అడ్డుపడేది ఇన్‌హేయే. కాసేపటి క్రితం దాకా కొంచెం తినవే అని బతిమాలింది కూడా ఆవిడే. ఆ రెండింటి మధ్య ఆవిడలో ఏం మారిందో రాయండి, మీ ముఖ్యమైన చాప్టరు అదే.